సమానంగా పెట్టిన గాట్లు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఏళ్లలో కోయిలకుంట్ల వైపు ఒక చిన్న మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ కారు నడిపేవాణ్ణి. ఆ కారు గురించి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. కూపను లేనిదే పెట్రోలు దొరకని కాలంలో, నల్లరేగడి బాటల మీద, గ్యాలనుకు పద్దెనిమిది మైళ్లు లాగించాను.

కారులో పెట్రోలు చూపే సూది ఒకటి ఉండేది. గతుకు వస్తే నిండుగా, మలుపు వస్తే ఖాళీగా చూపేది. దాన్ని నమ్మలేక నేనే ఒక వెదురు బద్ద చెక్కుకున్నాను. టాంకి ఎనిమిది గ్యాలన్లది; బద్ద మీద ఎనిమిది గాట్లు, సమానంగా. ముంచి తీస్తే తడి ఎన్నో గాటు దాకా ఉంటే అన్ని గ్యాలన్లు. టాంకి సగం ఉన్నప్పుడు గాటుకు ఇరవై రెండు మైళ్లు కూడా వచ్చేవి. అదంతా నా కాలి పనితనమని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఒక ఉదయం తడి మొదటి గాటు మీద ఉంది. పదిహేను మైళ్ల అవతలి ఊళ్లో రోగులు కాచుకుని ఉన్నారు, పెట్రోలు బంకూ అక్కడే. చాలుతుందని బయలుదేరాను. పది మైళ్లకే బండి ఆగిపోయింది. డాక్టరమ్మ మిగతా దారి ఎద్దులబండిలో వెళ్లి, సాయంత్రానికి బస్సులో తిరిగొచ్చింది.

కారును ఎద్దులతో లాగించుకొచ్చాను. నా బద్దను అనుమానించాలని తోచలేదు. షెడ్డు తాళం దగ్గరుంచుకునే ముసలి వాచ్‌మన్‌ను సాయంత్రం ఆసుపత్రి వాకిట్లో అందరి ముందూ నిలదీశాను.

"పెట్రోలు యాడికి పోయింది?"

"నాకేం తెలుసప్పా? ఆ వాసనకే కడుపులో తిప్పుతాది. తాగుతాండాననుకుంటివా?"

అందరూ నవ్వారు. నాకు మండి, దొంగ అన్నాను. మర్నాటికి నిజం తేలకపోతే ఆయన్ని పనిలోంచి తీసేయక తప్పదంది డాక్టరమ్మ. ఆ జీతం తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. అది తెలిసే అన్నాను.

ఇంట్లో నా భార్య అంతా విని, బద్దను తిప్పి తిప్పి చూసింది.

"టాంకి ఎట్లుంటాది?"

"పడుకోబెట్టిన పీపాలాగా."

"కడవ అడుగున జానెడు నీళ్లు, నడుమున జానెడు నీళ్లు ఒకటేనా? అన్ని గాట్లూ సమంగా ఎట్ల పెడ్తివయ్యా?"

నీకేం తెలుసని కసిరాను. కానీ అన్నం సయించలేదు.

మర్నాడు డబ్బాల్లో పెట్రోలు వచ్చింది. ఆమెనే తోడు తీసుకెళ్లి, ఎండిన టాంకిలో ఒక్కో గ్యాలను కొలిచి పోశాను. మొదటి గ్యాలనుకే తడి ఒకటిన్నర గాటు దాకా ఎక్కింది. అంటే నా మొదటి గాటు కింద ఏనాడూ గ్యాలను లేదు. మధ్యలో నాలుగో గ్యాలను దగ్గర మాత్రమే బద్ద, టాంకి ఒక్క మాట మీదికి వచ్చాయి. నడిమి గాటుకు గ్యాలను కంటే ఎక్కువే పట్టేది; అక్కడ ఎక్కువ వచ్చిన మైళ్లు నావనుకున్నాను, అడుగున తగ్గినవి ఆ ముసలాయన మీద వేశాను.

అదే వాకిట్లో, అందరి ముందూ, తప్పు నాదని చెప్పాను. క్షమించమని అడిగితే ఆయన బద్ద కోసం చెయ్యి చాచాడు.

"ఇంగ రోజూ నేనే ముంచుతా. నీ లెక్క నాకొద్దప్పా."

ఒక్కో గ్యాలనుకు తడి ఎక్కిన చోటు నా భార్య గుర్తుపెట్టి చూపితే, అక్కడల్లా కొత్త బద్ద మీద గాట్లు పెట్టాను, ఒకచోట ఎడంగా, ఒకచోట దగ్గరగా. ఆ తర్వాత కారు అమ్మేదాకా ప్రతి ఉదయం ఆయన బద్ద ఎత్తి పట్టుకుని ఎన్ని గ్యాలన్లున్నాయో ఆసుపత్రంతా వినబడేట్టు అరిచేవాడు: "మూడుండాదప్పా!"

మళ్లీ ఏనాడూ దారిలో ఆగలేదు మా బండి.