పచ్చదీపం లేని స్విచ్

కాలేజీ నెట్‌వర్క్ ల్యాబ్‌లో ఆయన్ని అందరూ వైర్ల మాస్టారనే అంటారు. చేతిలో కేబుల్ లేకపోతే ఆయనకు పాఠం చెప్పినట్టే ఉండదు. అలాంటి మనిషి దగ్గర, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పాత స్విచ్ పెట్టెలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. కొత్తవి కొనేది లేదని ప్రిన్సిపల్ తేల్చేశారు.

"స్విచ్‌ని కంప్యూటర్లోనే సాఫ్ట్‌వేర్‌గా నడిపించొచ్చట కదా మాస్టారూ. రేపు మధ్యాహ్నం ప్రాక్టికల్‌కి అది నడిస్తే సరే. లేదంటే ల్యాబ్‌కి తాళం వేసి, మిమ్మల్ని స్టోర్‌రూముకి మార్చక తప్పదు" అన్నారు, మర్యాదగానే.

అంత మర్యాదగా అన్నందుకే మాస్టారి గుండెల్లో రాయి పడింది.

ఆ సాఫ్ట్‌వేర్ స్విచ్ ఒక పెద్ద ఫైలు. దాన్ని ఇమేజ్ అంటారు. మాస్టారు మర్నాడు పొద్దున్నే వచ్చి దాన్ని సర్వర్‌లోకి ఎక్కించారు. మెమరీ ఇచ్చారు, పోర్టులు కలిపారు, స్టార్ట్ నొక్కారు. తెర మీద నల్లటి కన్సోల్ తెరుచుకుంది. అందులో అక్షరం ముక్క లేదు.

అసలు స్విచ్ అయితే ప్లగ్గు పెట్టగానే ఫ్యాను గిర్రుమంటుంది, పచ్చదీపం వెలుగుతుంది. దీనికి ఉలుకూ పలుకూ లేదు. కాసేపు ఓపిక పట్టడమంటే మాస్టారికి గగనం. పాడైందనుకుని ఆపేశారు, మళ్లీ స్టార్ట్ చేశారు. మెమరీ పెంచి చూశారు, ఫైలు మళ్లీ ఎక్కించి చూశారు. అది మెల్లగా నిద్ర లేచే రకమనీ, లేచేలోపే తానే ప్రతిసారీ పీక నొక్కుతున్నాననీ ఆయనకు తెలీదు.

ఇంకోసారి స్టార్ట్ నొక్కారో లేదో భార్య ఫోన్ చేసింది. మామూలుగా అయితే "సరే, ఇంటికొచ్చాక" అని పెట్టేసేవారు. ఇవాళ ఆ మాట అనే ఓపికా లేక కుర్చీలో వెనక్కి వాలారు.

ఆవిడ బస్సు ఆలస్యంతో మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి పక్కింటావిడ గొడుగుకి వెళ్లింది. ఈలోగా కన్సోల్‌లో ఒక వరుస కదిలింది. తర్వాత జలజలా వరుసలు. చివరికి లాగిన్ అడుగుతూ స్విచ్ నిలబడింది. ల్యాబ్ నిలిచింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

అలవాటుకొద్దీ ఫోన్ పెట్టేయబోయి ఆగారు.

"ఉన్నారా?" అంది ఆవిడ.

"ఉన్నా. నువ్వు చెప్పేది పూర్తి చెయ్యి."

ఆవిడ గొడుగు సంగతి వదిలేసింది.

"కుట్టు నేర్పే బడిలో నన్ను టీచరుగా రమ్మంటున్నారండీ. అది చెబ్దామనే."

"మంచి మాటేగా. ఎప్పుడడిగారు?"

"పోయినేడాది."