శౌరి ఎండబెట్టిన అయోడోబెంజీన్

అరవై రెండులో, మేము చదువుకునే రోజుల్లో, నరసరావుపేటలో మా కాలేజీ కెమిస్ట్రీ లాబుకు శౌరి అనే అటెండరు ఉండేవాడు. లాబును తామే నడుపుతున్నామని లెక్చరర్లు అనుకునేవారు. ఆ మాట శౌరి ఏనాడూ కాదనలేదు.

నాదెండ్ల మిరపకళ్లాల్లో పెరిగిన మనిషి. మిరపకాయలు, వడియాలు, పరుపులు, జలుబు చేసిన పిల్లలు, లోకంలో ఎండబెడితే బాగుపడనిది లేదని అతని సిద్ధాంతం. పల్నాటి ఎండకు కొదవ లేదు కనుక ఆ సిద్ధాంతానికి తిరుగూ లేదు.

ఆ ఏడు స్టోరు గది కారి సీసాల చీటీలు తడిశాయి. వారంలో యూనివర్సిటీ తనిఖీ. ఏడేళ్లుగా టెంపరరీగా ఉన్న శౌరి ఉద్యోగం ఖాయమయ్యేది ఆ తర్వాతే. అందుకని అతను సీసాలన్నీ డాబా మీద పేర్చాడు. అయోడోబెంజీన్‌ను అంతకుముందే ముదురు రంగు సీసాలోంచి తెల్ల సీసాలోకి మార్చి ఉన్నాడు, చూపుకు బాగుంటుందని. మూడు రోజుల్లో చీటీలు ఆరాయి. నీళ్లలా ఉండే అయోడోబెంజీన్ మాత్రం టీ డికాషనులా తయారైంది.

ప్రిన్సిపాలుగారు చరిత్ర చెప్పేవారు. కుట్ర లేని సంఘటనను నమ్మేవారు కాదు.

"అసలుది అమ్ముకుని ఇందులో ఏం పోశావ్?"

"మరియమ్మ తల్లి సాక్షి సార్, ఎండబెట్టానంతే!"

"ఎండకే రంగు మారిందా? నాకు చెబుతున్నావా! రేపటినుంచి రావద్దు."

కెమిస్ట్రీ లెక్చరరు జానకిరామయ్యగారు అడ్డుపడ్డారు. సీలు తీయని మరో అయోడోబెంజీన్ ముదురు సీసాను ప్రిన్సిపాలుగారి చేతే తెరిపించి, రెండు గాజు గొట్టాల్లో పోసి, ఒకదానికి నల్లకాగితం చుట్టారు. రెంటినీ డాబా మీద పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి ప్రిన్సిపాలుగారి జేబులో వేశారు.

"బెంజీన్‌ను అయోడిన్ వదులుగా పట్టుకుని ఉంటుంది శౌరీ. వెలుతురు తగిలితే ఆ బంధం తెగిపోతుంది. విడిపోయిన అయోడినే ఈ రంగు. క్లోరిన్ పట్టు గట్టిది, అందుకే పక్కనే ఎండిన క్లోరోబెంజీన్ సీసా చెక్కుచెదరలేదు."

"మరి మా మిరపకాయలకేం కాదేంది సార్?"

"మరీ ఎక్కువ రోజులుంచితే తెల్లబడవూ?"

అది శౌరి చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. నలభై ఏళ్ల సిద్ధాంతం అక్కడికక్కడే కూలింది.

నాలుగోనాడు ప్రిన్సిపాలుగారే తాళం తీశారు. విడిగా ఉన్న గొట్టం గోధుమరంగు. నల్లకాగితం విప్పితే లోపల నీళ్లలా తేట. ఆయన రెంటినీ చానాసేపు మార్చి మార్చి చూసి, "చరిత్రలో ఇలా జరగదు" అని విసుక్కుని, తనిఖీ ముగియగానే ఉద్యోగం కాగితం మీద సంతకం చేశారు.

ఆనాటినుంచి శౌరి కనబడినదానికల్లా నల్లకాగితం చుట్టసాగాడు.

"ఏందయ్యా, నా ఆవకాయ జాడీకి కూడానా? ఎండదెబ్బ నీకు తగిలిందా, దానికా?" అని అతని భార్య గ్రేసమ్మ అరిచేది.

"ఊరుకోవే, నీకు తెలవదు," అనేవాడు.

ఆ రెండు గొట్టాలకూ మూతలు బిగించి బీరువాలో దాచుకున్నాడు. ఏటా కొత్తగా చేరిన పిల్లలందరికీ ఎంతో గంభీరంగా చూపేవాడు. గోధుమరంగుది పైకెత్తి, "ఇది నా నేరం" అనేవాడు. రెండోదాని నల్లకాగితం రవ్వంత జరిపి, వాళ్లు చూశారో లేదో వెంటనే మూసేసి, "ఇది నా ఉద్యోగం" అనేవాడు.