కిలోమీటర్లు ఎక్కని స్కూటరు

థామస్ మాస్టారు జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఈ మాట నేను చెప్పడం లేదు, ఆయనే చెప్పేవారు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు చెప్పేవారు, లెక్కల క్లాసులో చెప్పేవారు, అరసవల్లి రోడ్డులో నా మెకానిక్ షెడ్డు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని కూడా చెప్పేవారు. ఆయన దగ్గర నేను లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అందుచేత ఆయన ఏం చెప్పినా తల ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

2012లో ఆయన స్కూటరు కొన్నారు. మొదటిసారి ఆయిలు మార్చాల్సి వచ్చినప్పుడు చూడాలి ఆయన హడావిడి! పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా అన్ని ఆరాలు తీయరు. శ్రీకాకుళంలో ఉన్న స్పేర్ పార్టుల దుకాణాలన్నీ తిరిగారు. ప్రతి డబ్బా తిరగేసి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు కళ్ళజోడు పైకెత్తి చదివారు. చివరికి అన్నిటికంటే ఖరీదైన సింథటిక్ ఆయిలు తెచ్చి, నా చేత పోయించి, ఖాళీ డబ్బా పారేయనివ్వకుండా ఇంటికి పట్టుకుపోయారు. ఆ తర్వాత నెల రోజులపాటు నా షెడ్డుకి వచ్చిన వాళ్ళందరికీ పాఠమే. ఆయిలు ఎందుకు చిక్కగా ఉండాలి, ఎందుకు పల్చగా ఉండాలి, చదువురానివాళ్ళు ఇంజన్లని ఎలా చంపుతున్నారు, ఇదే గోల. నా పని మాత్రం ఆగిపోయేది.

ఆ చదువురానివాళ్ళలో ఆయనకి బాగా దొరికినవాడు దాలయ్య. సముద్రం ఒడ్డు నుంచి టౌనుకి చేపల పెట్టె కట్టుకొచ్చే పాత మోటారు సైకిలు వాడిది. డ్రమ్ములోంచి కొలిచి ఇచ్చే చవక ఆయిలే పోయించేవాడు. కానీ అమావాస్యకి అమావాస్యకి ఠంచనుగా వచ్చి మార్పించేవాడు. ఒకరోజు మాస్టారు వాణ్ణి కుర్చీలోంచే పట్టుకున్నారు.

“ఒరే దాలయ్యా, ఇంజనుకి అమావాస్యేట్రా? కిలోమీటర్లు సూసి మార్చాల. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసుంటాది.”

“మీటరు పోయి పదేళ్ళయినాది బాబూ. ఉప్పుగాలి తినీసింది. అమావాస్యయితే తప్పకుండా వస్తాది కదా.”

మాస్టారు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వారని నేనూ నవ్వాను, సిగ్గులేక.

ఏడాది తిరిగాక ఆయన నన్ను పక్కకి పిలిచి, ముందు చక్రం నుంచి మీటరుకి వెళ్ళే కేబులు ఊడదీసెయ్యమన్నారు. ఎప్పటికైనా అమ్మవలసిన బండి, కిలోమీటర్లు తక్కువుంటే కొనేవాళ్ళు కళ్ళకద్దుకుంటారట. నేను కిమ్మనకుండా తీసేశాను. ఐదు నిమిషాల పని. మీటరు నాలుగు వేల మూడు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది. ఆయిలు మళ్ళీ ఆరు వేలకి మార్చాలని పుస్తకంలో ఉంది. పుస్తకం అంటే మాస్టారికి ప్రాణం కదా, ఆ ఆరు వేలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. రోజూ పది కిలోమీటర్లు స్కూలుకి, పది కిలోమీటర్లు ఇంటికి. నాలుగేళ్ళు. పదహారు వేలు దాటిందని లెక్కలు తప్పిన నేను వెయ్యగలిగాను గానీ, లెక్కలు చెప్పే ఆయనకి అందలేదు. ఆయిలు తగ్గినప్పుడు మాత్రం ఇంటి నుంచి సీసా తెచ్చి, జ్వరం మందులా రెండు మూతలు పోయించేవారు. మార్చేద్దాం మాస్టారూ అని నేను రెండుసార్లు అన్నాను. ఇంకా ఆరు వేలు కాలేదు కదరా అని మీటరు చూపించారు. మూడోసారి నేను అనలేదు. చర్చివాళ్ళ బళ్ళన్నీ ఆయన మాట మీదే నా షెడ్డుకి వస్తున్నాయి మరి.

2017లో బండి అమ్మకానికి పెట్టారు. కొంటానని వచ్చింది జ్ఞానసుందరి. పల్లెల్లో పిల్లలకి సూదులు వేసే నర్సమ్మ ఆవిడ. భుజాన మందుల పెట్టెతో, ఆటోల కోసం నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయి, మూడేళ్ళు చీటీ కట్టి బండికి డబ్బు పోగుచేసుకుంది. మా ఆవిడ పురిట్లో ప్రాణం మీదికి తెచ్చుకున్నప్పుడు రెండు రాత్రులు పక్కన కూర్చున్న మనిషి. నాకు బళ్ళ సంగతి తెలీదు గంగరాజూ, నువ్వు చూసి సరే అంటే కొంటాను, లేదంటే లేదు అంది. చూసి చెప్తానన్నాను. ఇంకేమనను?

ఆవిడ చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే మాస్టారు బండి తెచ్చి కేబులు బిగించమన్నారు. బిగించాను. అవును, అదీ చేశాను. తర్వాత సుందరమ్మ వచ్చింది, బండి చుట్టూ తిరిగింది, సీటు తుడిచి చూసుకుంది, నా మొహంలోకి చూసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్ళ చేతికి వెళ్ళే బండికి ఆయిలు మార్చడం మంచిదని గొణిగి, పళ్ళెం పెట్టి ఇంజను కింద బోల్టు విప్పాను. నేను చెప్పలేనిది ఆయిలే చెబుతుందిలే అనుకున్నాను. నా ధైర్యం అంతవరకే.

బోల్టు తీశాక కాసేపటిదాకా ఏమీ రాలేదు. తర్వాత కరిగిన తారులాంటిది, గడ్డలు గడ్డలుగా, బద్ధకంగా జారింది. దాలయ్య తన బండి కోసం అక్కడే ఉన్నాడు. పళ్ళెంలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఇందులో ఇంజను అరిగిన ఇనుప రజను ఉందమ్మా అని వేలు సుందరమ్మకి చూపించాడు.

ఆవిడ మీటరు చూసింది. మళ్ళీ పళ్ళెం చూసింది.

“మాస్టారూ, మీరు రోజూ బడికి దీని మీదే ఎల్లీవోరు కదా. నాలుగు వేలేనేటి తిరిగినాది?”

“మీటరు సూసుకోమ్మా,” అన్నారు మాస్టారు. “నేనేటీ సెప్పను. నా నోటితో ఒక్క అంకె సెప్పినానేటి?”

నిజమే, చెప్పలేదు. సుందరమ్మ మీటరు నుంచి దిగిన కేబులు వెంబడే వంగి ముందు చక్రం దగ్గర చూసింది. అంతా బురద పట్టి ఉంటే కేబులు బిగించిన మర ఒక్కటీ తళతళలాడుతోంది.

“దీన్ని ఎవులు బిగించినారు మాస్టారూ?”

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

“గంగరాజు,” అన్నారు. “ఇప్పినోడూ ఆడే.”

ఆయన అబద్ధం ఆడరు కదా. సుందరమ్మ ఆయన్ని వదిలేసింది. నాకేసి తిరిగింది.

“నువ్వు సూసి సెప్తానన్నావు తమ్ముడూ,” అంది. మెల్లగానే అంది.

నేను పళ్ళెం తీసి మూలకి జరిపాను. తల ఎత్తేసరికి ఆవిడ రోడ్డు దాటి ఆటో కోసం నిలబడి ఉంది.

మాస్టారు ఆ బండిని నెల తిరక్కుండా రాజాంలో ఎవరికో అమ్మేశారు. అక్కడా నోటితో అంకె చెప్పి ఉండరు. ఇప్పటికీ వచ్చి కుర్చీ లాక్కుంటారు, ఆయిళ్ళ గురించి చెబుతారు. నేను తల ఊపుతాను.

సుందరమ్మ ఇంకెక్కడో బండి కొనుక్కుంది. మూడు నెలలకోసారి ఆయిలు డబ్బా ముందు పెట్టుకుని, నా షెడ్డు ముందు నుంచే, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో మెకానిక్కు దగ్గరికి వెళ్తుంది.