ఒకటి కలుపుకునే గడియారం

మా గుంటూరు ఇంటి హాల్లో సోఫా వెనక గోడ చాలాకాలంగా ఖాళీగా ఉంది. అక్కడ పాతకాలపు గోడ గడియారమే ఉండాలని పట్టుబట్టి నేనే ఇంకేదీ తగిలించనివ్వలేదు. మావారు వచ్చేపోయే వాళ్లందరికీ ఆ గోడ చూపించి, "అది మా ఆవిడ గడియారం, ఇంకా రాలేదు" అని చెప్పేవారు. ఆ ఎకసెక్కాలు పడలేక, ఎండలు ముదరకముందే ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను. సంచిలో కొలతల టేపు, పాత దుప్పటి, ఫోన్లో ఆ గోడ ఫొటో.

గోడ సగం కారణం మాత్రమే. మిగతా సగం మా సరోజక్క. నరసరావుపేటలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. బావ పోయినప్పటినుంచీ ఒంటరిగా ఉంటోంది. కళ్లలో నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అనేది, వచ్చి చూపు మెల్లగా తగ్గిపోతోంది. మనిషి మొహం గుర్తుపడుతుంది గాని గోడమీది గడియారం ముళ్లు కనపడవు. వైద్యం అయ్యాక కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకున్నాను. ఇక ఇక్కడే ఉండిపొమ్మంటే ఒప్పుకోలేదు.

"మీ ఇంట్లో అన్నీ ఉన్నాయే, టైమే లేదు" అంది. "ఏ గడియారమూ నోరు మెదపదు. మాటిమాటికీ ఎవరో ఒకళ్లని టైమెంతని అడుక్కుంటా బతకడం నావల్ల కాదు."

ఫోను టైము చెబుతుంది కదా అంటే, "ఆ ఫోన్లో పిల్ల నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నట్టు మాట్లాడుద్ది" అని కొట్టిపారేసింది. గంట కొట్టే గడియారం తెస్తే వస్తావా అని అడిగాను. "ముందు నా చెవికి నచ్చనీ, తర్వాత చూద్దాం" అంది. మా అక్క చూద్దాం అంటే సగం కాదన్నట్టే. ఆ మిగిలిన సగం కోసమే ఈ ప్రయాణం.

గుంటూరులో పాసింజరు ఎక్కాను. ఎదురుగా కూర్చున్న ఆకుకూరల ఆవిడ నా చేతిలో టేపు చూసి ఏ పని మీద వెళుతున్నానని అడిగింది. చెబితే ఆశ్చర్యపోయింది. "గడియారం కోసం రైలెక్కారా? మా ఊళ్లో పాలాయన బండి చప్పుడే టైము తల్లీ." ఆమె చెప్పింది నవ్వులాటకు కాదు.

నరసరావుపేటలో అక్క అప్పటికే చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బజారులో ఇడ్లీ తిని, సందులో ఉన్న మస్తాన్ గారి వాచీల కొట్టుకు వెళ్లాం. ఆ కొట్లో కొత్త వాచీలు ముందుంటాయి, పాత గోడ గడియారాలు వెనక గోడకుంటాయి. పైన చెక్కిన కిరీటం, రోమన్ అంకెలు, తళతళలాడే పాలిష్ ఉన్న ఒకదాన్ని చూడగానే నా మనసు లాగింది. టేపు తీసి కొలిచాను. గోడకు సరిగ్గా సరిపోతుంది. మస్తాన్ గారు గంట కొట్టించారు.

అక్క మొహం చిట్లించింది. "స్టీలు గిన్నె కింద పడ్డట్టుందే."

"కొత్త స్ప్రింగమ్మా, అట్టానే ఉంటది" అన్నారాయన. చాయ్ తెప్పించి, ఎప్పుడు ఏ గడియారం కొన్నా ముళ్లు గబగబా తిప్పొద్దని, ప్రతి గంట దగ్గరా ఆగి పూర్తిగా కొట్టనిచ్చి అప్పుడు ముందుకు జరపాలని చెప్పారు. తొందరపడితే కొట్టే లెక్క వెనకబడి, ముళ్లొకటీ గంటలొకటీ చెబుతాయట.

అది వినగానే అక్కా నేనూ ఒకేసారి నవ్వాం. ఆయనకు అర్థం కాక ఇద్దరివంకా చూశారు.

మా నాన్న గురజాల కోర్టులో గుమాస్తా. ఆ ఇంట్లో ఉన్న గోడ గడియారం ఎప్పుడూ ఒక గంట తక్కువ కొట్టేది. అయిదైతే నాలుగు, పదైతే తొమ్మిది. మాచర్ల బాబాయి ఒకసారి దాని గంటలు నమ్మి తాపీగా కాఫీ తాగి స్టేషనుకు వెళితే, రైలు వెళ్లిపోయి గంటయింది. అప్పటినుంచి చుట్టం గుమ్మం తొక్కగానే అమ్మ చెప్పే మొదటి మాట, "ఒకటి కలుపుకోండి". పోనుపోను అది ఇంటి సామెతయింది. నలుగురు భోజనానికొస్తున్నారని నాన్న చెబితే, "ఒకటి కలుపుకో" అని అమ్మ తనకు తానే చెప్పుకుని అయిదుగురికి వండేది. ఎవరో ఒకరు పిలవకుండా రానే వచ్చేవారు. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. గడియారం ఎటు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఇంతకాలానికి తలుచుకుంటే ఆ ఇంటికన్నా ఆ తప్పు గంటల మీదే నాకు బెంగ ఎక్కువ.

పిడుగురాళ్ల బస్సెక్కేసరికి పది దాటింది. నకరికల్లు దాటాక కిటికీ పక్కనున్న పెద్దాయన మిరపకాయలు ఎండబెట్టడానికి చోటు లేదని దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు. పిడుగురాళ్ల ఊరి బయట, పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే తలుపులూ దూలాలూ అమ్మే స్థలం ఒకటుంది. సున్నం బట్టీల దుమ్ము పడి అక్కడి టేకు కూడా తెల్లగా కనపడింది. దూలాల మధ్య ఒక గడియారం దొరికింది. బర్మా టేకు పెట్టె, అద్దం మీద పూలతీగె, అంకెలున్న పింగాణీ పళ్లెం. చీర కొంగుతో తుడిస్తే మెరిసింది. నా గోడ కోసమే పుట్టినట్టుంది.

తలుపు తీసి చూస్తే లోపల బ్యాటరీ.

"పాత మిషను పోయిందండీ. కొత్తది వేశాం. అందానికి ఏం తక్కువ?" అన్నాడు అమ్మే ఆయన. నేను కొనడానికే సిద్ధపడ్డాను. అక్క దాని మీద చెవి ఆనించి కాసేపు నిలబడింది.

"దీనికి ఊపిరి లేదే."

"అక్కా, గోడకి ఎంత బాగుంటుందో తెలుసా?"

"నీ గోడకి బాగుంటది, కొనుక్కో. నన్ను మటుకు నరసరావుపేట బస్సెక్కించు."

కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది. టేపు చుట్టి సంచిలో వేశాను. మళ్లీ తీయలేదు. మా మొహాలు చూసి ఆయనే మాచర్లలో ఒక ఇంటి గుర్తు చెప్పాడు. ఇల్లు బాగుచేయించుకుంటున్నారట, గంట కొట్టే గడియారం తీసేస్తామన్నారట.

పిడుగురాళ్లలోనే భోజనం చేశాం. గోంగూర పచ్చడి బాగుంది, సాంబారు సంగతి చెప్పుకోకపోవడం మంచిది. మాచర్లలో బస్సు దిగేసరికి మూడవుతోంది, ఎండ ఇంకా తగ్గలేదు.

ఆ ఇంటావిడ పేరు సువార్తమ్మ. ఆస్పత్రిలో నర్సు. హాలంతా కొత్త టైల్సు, పైన రంగుల సీలింగు. మామగారు తెచ్చిన గడియారాన్ని దించి వంటింట్లో మంచినీళ్ల బిందెల పక్కన పెట్టింది. చెక్క ఒకచోట చిట్లింది, అంకెలు కొంచెం మాసిపోయాయి. కిరీటం లేదు, పూలతీగె లేదు.

"మా పిల్లలకి ఇది కొత్త గోడకి నప్పదంట" అంది సువార్తమ్మ. "మీరేమో గోడకి పాతదే కావాలని ఊళ్లు తిరుగుతున్నారు. చానా తమాషాగా ఉందక్కా లోకం."

గోడ మేకుకు తగిలించి, కీ ఇచ్చి, పెండ్యులం కదిలించింది. అక్క స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. సువార్తమ్మ ముల్లును మెల్లగా మూడు మీదకు జరిపింది. నిదానంగా, లోతుగా, ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకుంటున్నట్టు మూడు కొట్టింది. చివరి మోత అణిగేదాకా అక్క కదల్లేదు.

"ఇది ఇంట్లో మనిషే" అంది.

రైలుకు టైమవుతోంది. మిగతా గంటలు కూడా సరిగ్గా కొడుతుందో లేదో తేల్చుకుందామని ముళ్లు గబగబా తిప్పేశాను. మస్తాన్ గారు పొద్దున చెప్పిన మాట చేతులకు గుర్తులేదు. ముల్లు ఎనిమిది మీద ఉంది, అది ఏడు కొట్టి ఊరుకుంది. మళ్లీ తిప్పాను. తొమ్మిదికి ఎనిమిది.

అక్క పగలబడి నవ్వింది. ఈమధ్య ఆమె అలా నవ్వగా నేను వినలేదు. "మన ఇంట్లో గడియారం ఎవరి చేతిలో చెడిందో ఇప్పుడు తెలిసిందే. నాన్న కోర్టుకు ఆలస్యం చేస్తున్నాడని అమ్మ రోజూ ముల్లు ముందుకు నెట్టేది. నేను చూసేదాన్ని. నీ తొందర అచ్చం అమ్మదే."

అమ్మ పోలిక నాలో ఉందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. మొహం అక్కకు కనపడదులే అని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"మస్తాన్ గారి దగ్గర సరిచేయిద్దాం" అన్నాను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. కలుపుకోవడం నాకు వచ్చు."

అడిగినంత డబ్బు ఇచ్చి, పెండ్యులం తీసి విడిగా కాగితంలో చుట్టాం, గడియారాన్ని దుప్పట్లో చుట్టాం. సువార్తమ్మ గేటుదాకా వచ్చింది, మామగారు ఆదివారం గుడికి వెళ్లేముందు దీనికి కీ ఇచ్చేవారని, మమ్మల్నీ ఆదివారమే ఇమ్మని చెప్పింది. వద్దనుకున్న మనిషే దాన్ని చివరిసారి తడిమి పంపింది.

గుంటూరు వెళ్లే సాయంత్రం రైలుకు సత్తెనపల్లి దాకా రెండు టికెట్లు తీసుకున్నాను. అక్కడ దిగి, బస్సులో నరసరావుపేట వెళ్లి, అక్కను ఇంట్లో దింపి, నేను గుంటూరు చేరాలని ఆలోచన. గడియారం బాగుందంది గాని వస్తానని మాత్రం అక్క అనలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అది ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చుంది.

గురజాలలో రైలు ఆగింది. "గురజాలేనా?" అని అడిగింది. అవునన్నాను. బాబాయికి రైలు తప్పిపోయిన ప్లాట్‌ఫారం వైపు మొహం తిప్పి, కదిలేదాకా అలాగే ఉంది. అక్కడ దిగి వెళితే తలుపు తెరవడానికి మాకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఆ ఊరు వెనక్కి పోతుంటే చిన్నపిల్లలా ఏడుపొచ్చింది.

ఈ దారిలో గడియారం కోసం వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. కొలత తర్వాత, ముందు చెవి. పెట్టె తలుపు తీసి చూడకుండా కొనొద్దు. దుప్పటి తీసుకెళ్లండి. కుదిరితే, రేపు ఆ గంటలు వినబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. నేను ఒక్కదాన్నే వెళ్లి ఉంటే ఈపాటికి నా గోడమీద అందమైన బ్యాటరీ ఉండేది.

సత్తెనపల్లి దీపాలు కనపడ్డాయి. సంచి తీసుకుని లేచాను. అక్క లేవలేదు. రైలు ఆగింది. అంతలో మావారి ఫోను. అక్కకు వినపడేంత గట్టిగా ఉంటుంది ఆయన గొంతు.

"ఎక్కడిదాకా వచ్చావు? కుక్కరు పెడుతున్నా. అన్నం మనిద్దరికేగా?"

నేను అక్కవైపు చూశాను. ఆమె దుప్పటి అంచు సరిచేస్తూ, తలెత్తకుండానే అంది.

"ఏమే, ఒకటి కలుపుకోమను."

దిగేవాళ్లకు దారిచ్చి, సంచి మళ్లీ సీటు కింద పెట్టి కూర్చున్నాను.