అక్క ఎక్కని కాంటా

మా ముత్తాత ఆదిలాబాద్ పక్కన ఏడూళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఆ పట్టణంలో పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టి, గేటు ముందు సైకిలు దిగి నడవనిదే ఎవరూ ముందుకు పోలేనంత పెద్దమనిషి అనిపించుకున్నాడు. ఆ మిల్లు మా బాపు కాలంలో మూతపడింది. నేను కరీంనగర్‌లో అద్దె ఇంట్లో ఉంటాను. అయినా నడుము వంచి నడవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు కనుక నాకూ రాదు.

మొన్న కీళ్ల నొప్పులకని అక్కను ఆసుపత్రికి తీసుకుపోతే, నర్సమ్మ బరువెంత అని అడిగింది.

"ఇప్పటిదా బిడ్డా? పోయినేడు ఒకపూట సున్నా ఉండె" అన్నది అక్క.

ముసలామెకు మతి తప్పిందేమోనని నర్సమ్మ నా వైపు చూసింది. నేను నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాను.

మా చిన్నతనంలో దసరా నాడు మిల్లులో ఒక ఆచారం ఉండేది. పత్తి బస్తాలు తూచే పెద్ద కాంటాకు పూజ చేసి, గొలుసులకు వేలాడే చెక్క పళ్లెంలో ఇంటి పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి, రెండో పళ్లెంలో ఆ యేటి కొత్త పత్తి పోసేవారు. సరితూగిన పత్తి కూలీల ఇళ్లకు పోయేది. పళ్లెంలో నిటారుగా, గొలుసు పట్టుకోకుండా నిలబడాలన్నది తాత నియమం. అక్కకు రెండేళ్లప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ప్రతి దసరాకూ ఆమె అరుగు మీద కూర్చొని మమ్మల్ని చూసేది. ఒక యేడు అవ్వ బతిమాలగా తాత మెత్తబడి, కూర్చోబెట్టయినా తూచండి అన్నాడు. అప్పుడే పళ్లెంలోంచి దిగుతున్న ఎనిమిదేళ్ల నేను, నిలబడలేని అక్కను ఎట్లా తూస్తారని అందరూ వినేలా అడిగాను. హమాలీలు నవ్వారు. అక్క తనే వద్దన్నది, ఆ తరువాత ఎప్పుడూ ఆ కాంటా ఎక్కలేదు. ఆ మాట ఆమె మరిచిందో లేదో అడిగే ధైర్యం నాకు అరవై ఏళ్లయినా రాలేదు.

అక్క ఫిజిక్స్ చదివి, కరీంనగర్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది. పడిపోతున్న వస్తువుకు తన బరువు తెలియదని, విమానాన్ని ఎత్తుకు లేపి విసిరిన రాయి దారిలో కిందికి వంచితే లోపలి మనుషులు కాసేపు గాలిలో తేలుతారని, సుద్దముక్క విసిరి మరీ చూపించేదట. రిటైరైనాక, విదేశంలో మామూలు జనాన్ని కూడా అట్లా తిప్పుతున్నారని ఫోనులో చూసి నాకు చూపించింది. పోదామని మాత్రం అనలేదు. ఆ మాట నేనే అన్నాను. అక్క ఆ విమానం ఎక్కొచ్చని డాక్టరు సంతకం కోసం మూడుసార్లు తిరిగాం. ఆయన కుదరదంటే, నా చిన్ననాటి మాట నాతోనే పాడె ఎక్కేది.

పోయినేడు మేమెక్కిన ఆ విమానంలో ముందు సగం సీట్లు తీసేసి, నేలకూ గోడలకూ పరుపులు వేశారు. విమానం పైకి లేచే ప్రతిసారీ అందరూ వెల్లకిలా పడుకోవాలన్నారు. పరాయివాళ్ల మధ్య నేల మీద పడుకోవడానికి మనసొప్పక నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను.

"పండుకోరా తమ్మీ. నువ్వెవ్వనివో గీడ ఎవ్వలికీ ఎర్క లేదు" అన్నది అక్క.

పండుకున్నాను. మరుక్షణం ఒళ్లు రెండింతల బరువై, బుగ్గలు చెవుల దాకా జారినట్లయింది. మొదటి విడతలో బరువంతా పోదు, చంద్రుడి మీద ఉన్నట్టు ఆరోవంతు మిగులుతుందని అక్క ముందే చెప్పింది. విమానం వంపు తిరగగానే ఆమె చేతులు నేలకు ఆనించి లేచింది. చేతికర్రను ఎక్కేముందే తీసుకున్నారు. ఏ భుజమూ, ఏ గోడా పట్టుకోలేదు. డెబ్బై దాటిన మా అక్క రెండు కాళ్ల మీద, నిటారుగా, కదలకుండా నిలబడి నా వైపు చూసింది.

"ఇగ తూయిరా" అన్నది.

మరువలేదన్నమాట. నేను రెండు చేతులూ జోడించాను. తరువాతి విడతలో బరువు పూర్తిగా పోయి, నా కాళ్లు పైకప్పుకు, తల నేలకు తిరిగితే, ఎవరో తెల్లాయన మేజోడు పట్టి నన్ను కిందికి లాగాడు. అక్క గాలిలో బోర్లా తేలుతూ కళ్లనీళ్లు వచ్చేటట్లు నవ్వింది. "చిన్నప్పటి సంది పడుడే గద, మీదికి పడుడు గిదే మొదలు" అన్నది.

ఇప్పుడు ఆదిలాబాద్‌లో లారీతో సహా పత్తిని యంత్రం మీదికెక్కిస్తే ఎర్ర అంకెలు వెలుగుతాయి. దసరాకు పిల్లలను తూచేవారు లేరు. కాలు సన్నబడిన పిల్లలు మన వయసువాళ్లకు ప్రతి వాడలో ఒకరు గుర్తుండే ఉంటారు కాని, ఈ రోజుల్లో వాళ్లూ కనబడరు. ఆచారం పోయిందన్న దిగులు కంటే ఆ జబ్బు పోయిందన్న సంతోషమే నాకు ఎక్కువ.

మిల్లు ఆవరణలో మాకు మిగిలిన చివరి జాగా, కాంటా నిలబెట్టిన చప్టా, ఈ ప్రయాణం కోసం అమ్మేశాం. కాంటా కూడా దాంతోనే పోయింది.