షంషాద్‌బీ చూడని నీలిపువ్వు

పెనుకొండలో హజరత్‌వలి పోయాక, భర్తను పోగొట్టుకున్న ఆడది ఇల్లు కదలకూడని ఇద్దత్ గడువు తీరేదాకా షంషాద్‌బీ గడప దాటలేదు. ఆయన మూలికలు ఇచ్చేవాడు. జ్వరం తగ్గినా నీరసం వదలనివాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు కొండ మీది విష్ణుక్రాంత కోసుకొస్తే, ఆమె నీడన ఆరబెట్టి, దంచి, కషాయానికి పొట్లాలు కట్టేది. శుక్రవారం వస్తే అరుగు నిండా మనుషులు. ఆయన పోయాక కూడా కొన్నాళ్లు వచ్చారు. డబ్బాలో మందు అడుగంటాక మానుకున్నారు. చివరికి రొద్దం నుంచి వచ్చే హనుమంతమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె కూడా వట్టిచేతులతో తిరిగిపోతూ ఒక మాట అనేసింది.

"వచ్చే శుక్రవారం కూడా చూస్తా బీబమ్మా. లేదంటే ధర్మవరంలో ఎవరో ఇస్తాండారంట, ఆడికే పోతా."

ఆ మాట గుచ్చుకుంది. ఆమె కూడా రాకపోతే ఇంక ఈ తలుపు తట్టేదెవరు? పిల్లలు లేని ఇల్లు. కుక్కర్ కూత తప్ప మరో చప్పుడు లేదు.

ఆ వారంలోనే గడువు తీరింది. గురువారం ఇంటిపని ముగించుకుని, మధ్యాహ్నం నమాజు చేసుకుని, కొడవలి, తడిగుడ్డ పట్టుకుని కొండెక్కింది. ఆ ఆకు ఆమెకు కొత్త కాదు. వెండి నూగుతో మెత్తగా ఉండే దాన్ని చేటలో కళ్లు మూసుకునైనా పోల్చగలదు. కానీ ఇక్కడ గులకరాళ్ల మధ్య నేలకంటుకున్న గడ్డి అంతా ఒకటే తీరు. వంగి వంగి నడుము పట్టేసింది. ఒక బండ మీద కూలబడి ఏడ్చింది.

మేకలు తోలుకొస్తున్న చౌడక్క సంగతి విని నవ్వింది.

"ఈ యాలప్పుడు యాడ కనపడతాదక్కా? పొద్దున పూస్తాది, ఎండెక్కితే ముడుచుకుంటాది. పువ్వును చూసే కదా మీ సాయిబు చెట్టును పట్టేది. ఇన్నేండ్లు కాపురం చేసి ఆ మాత్రం తెలీదా?"

తెలీదు. ఆయన కొండ దిగి ఇల్లు చేరేసరికి ఎప్పుడూ మధ్యాహ్నమే అయ్యేది.

మరునాడు కుళాయి నీళ్లు కూడా పట్టకుండా బయలుదేరింది. నిన్న ఏడ్చిన బండ చుట్టూ గోరంత నీలిపూలు, ఎక్కడ కాలు పెట్టాలో తెలియనంతగా. ఇంత అందాన్ని రోజూ ఒక్కడే చూసుకుని, ఒక్కమాటైనా చెప్పలేదే అని ఆయన మీద కోపం వచ్చింది. కోప్పడటానికి కూడా మనిషి లేడని మరుక్షణం గుర్తొచ్చింది. ఆయన చెప్పే పద్ధతిలోనే బిస్మిల్లా అనుకుని, మొదట కనబడిన మొక్కను వదిలేసి, తక్కినవాటిని వేరు కదలకుండా కోసుకుంది.

హనుమంతమ్మ వచ్చేసరికి ఎండ ముదిరింది. ముందు నీలం పూలు చూడమంటూ షంషాద్‌బీ ఆత్రంగా మూట విప్పింది. అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి.

"నీలం పూలంటివే, యాడ?" అంది హనుమంతమ్మ.

"ఆడనే ఉంటాయి. ఇంటికి రావు."

పిడికెడు పచ్చి ఆకే నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టింది. కషాయం మరిగేలోగా హనుమంతమ్మ కోడలి మీద చాడీలు చెబుతూ కూర్చుంది. కషాయం తొందరగా దిగకుండా షంషాద్‌బీ మంట తగ్గించింది.