అక్క తానే ఎంచుకున్న పుట్టింటి చీర

మా వైపు ఆడమనిషి కన్ను మూస్తే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలి. అత్తగారింట్లో బీరువా నిండా పట్టుచీరలు మూలుగుతున్నా సరే, అన్నో తమ్ముడో తెచ్చి కప్పిన చీరతోనే సాగనంపుతారు. మా అక్కకు పుట్టిల్లంటూ ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. నేను డ్యాం దగ్గర ఉద్యోగం చేసి, రిటైరై, సున్నిపెంటలోనే ఉండిపోయాను. అక్క ఆళ్లగడ్డలో ఉంటుంది. మొన్న వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఫోన్ చేసింది.

"రేయ్, నంద్యాలలో పెద్ద బట్టల షాపు పెట్టినారంట. నన్ను పిల్చుకొని పో. నా ఆఖరి చీర నేనే చూసుకుంటా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండింది. "పొద్దున్నే ఏం మాటలక్కా ఇవి? ఒంట్లో బాగలేదా?"

"నాకేమైంది, దిట్టంగా ఉండా. నీ సంగతి తెలిసే అడుగుతాండా. నువ్వు తెచ్చే చీర కప్పుకొని నేను పోలేను."

ఇక్కడ నా గొప్పతనం కొంచెం చెప్పుకోవాలి. చీరల ఎంపికలో నన్ను మించినవాడు లేడని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాను. మాసినా కనపడకూడదు, గట్టిగా ఉండాలి, ఇవే నా సూత్రాలు. ఆ లెక్కన లారీ మీద కప్పే టార్పాలిన్ కూడా మంచి చీరే. పుట్టింటి తరఫున ఒడిబియ్యం పెట్టిన ప్రతిసారీ అక్కకు నేనే స్వయంగా చూసి తెచ్చేవాణ్ణి. మరి ఆ చీరలన్నీ ఏం చేశావని అడిగాను.

"బొంతలు కుట్టించినా. చలికి బాగా పనికొస్తాండాయ్" అంది.

ఆళ్లగడ్డకు పోయినప్పుడల్లా నేను ముసుగు తన్ని హాయిగా నిద్రపోయే బొంత ఏమిటో ఆ రోజు తెలిసింది.

అయినా నేను వెంటనే దిగిరాలేదు. బతికుండగానే అలాంటి చీర కొనడం అశుభమని వాదించాను. అక్క వాళ్ల వీధిలో శిల్పులు పొద్దస్తమానం రాళ్లు చెక్కుతుంటారు. "ఈడ దేవుడి విగ్రహానికే ముక్కు ఇట్లుండల్ల, కన్ను ఇట్లుండల్ల అని చెప్పి చేపించుకుంటారు. నా చీర నేను చెప్పుకుంటే తప్పొచ్చిందా?" అంది. మర్నాడే బస్సెక్కి ఆళ్లగడ్డ చేరుకున్నాను.

నిజానికి అక్కకు చీరల మీద మోజు ఎప్పుడూ తగ్గలేదు. పోయినేడాది జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో నాలుగడుగులు వేస్తుంది గానీ మెట్లెక్కలేదు, కింద కూర్చోలేదు. ఆమెకు అలవాటైన దుకాణంలో గడపంత ఎత్తు మెట్టెక్కి, పరుపు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే తప్ప చీర చూపించరు. అందుకే అప్పట్నుంచీ చీర కొనుక్కోలేదు. ఎవరో తెచ్చింది కట్టుకుంటోంది. ఆ ఆఖరి చీరైనా ఎవరో తెచ్చింది కాకూడదని ఆమె పట్టుదల.

బావకు చెవులు వినపడవు. షాపులో ఆయనతో ఒక మాట మాట్లాడాలంటే నంద్యాలంతా వినాల్సి వస్తుంది కాబట్టి ఇంట్లోనే వదిలేశాం. నంద్యాల బస్సులో ముందు సీటు కోసం కండక్టరుతో నేను పోట్లాడుతుండగానే, ఆ సీట్లో ఉన్నాయన లేచి అక్కను కూర్చోబెట్టాడు. నా పోట్లాట వృథా అయింది.

షాపు ముందర మెట్ల పక్కనే నున్నటి వాలు దారి ఉంది. అక్క కర్ర ఆనించుకుంటూ తాపీగా ఎక్కేసింది. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. బట్టల దుకాణంలోకి చెప్పులతో పోవడం నా ఒంటికి పడదు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, ఏస్కొనే రాండి, ఏం కాదు" అన్నాడు. తప్పు ఒప్పుకుంటే నేను నేనెలా అవుతాను? "నాకు ఇట్లనే బాగుంటాది లేప్పా" అని ఉత్తి కాళ్లతో లోపలికి నడిచాను. ఏసీకి ఆ నాపరాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఏందిరా, దేవుని దర్శనానికి వచ్చినావా?" అంది అక్క చెప్పులు టకటకలాడించుకుంటూ.

ఇంతలో షాపులో పనిచేసే అమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. అక్క మనసు ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని నేను ముందుకురికి, "అవసరం లేదమ్మా, మా అక్క నడుస్తాది" అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క అప్పటికే కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, చేతులు రెండు పక్కలా సర్దుకుంటోంది. "మెత్తగా ఉండాది" అంది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "తాతా, మీకు కూడా ఇంకోటి తెమ్మంటారా?" అని అడిగింది.

తాతా! బయల్దేరే ముందే జుట్టుకు రంగేసుకున్నాను. "మెట్లు యాడుండాయో చూపించు చాలు" అన్నాను. చీరలు మూడో అంతస్తులో ఉన్నాయని, లిఫ్టు ఉందని ఆ అమ్మాయి చెప్పింది. "కరెంటు పుట్టే కాడ పని చేసినవాణ్ణి. అది ఎప్పుడు పోతాదో నాకు తెలుసు" అని మీసం దువ్వుకుని మెట్లవైపు నడిచాను. వాళ్లిద్దరూ లిఫ్టులో పైకి పోయారు.

మొదటి అంతస్తుకే ఊపిరి చాలలేదు. ఎవరూ చూడకుండా పిల్లల గౌన్లు పరీక్షిస్తున్నట్టు నటించాను. రెండో అంతస్తులో సూట్‌కేసులు బేరం చేస్తున్నట్టు నటించి, ఒకదాని మీద కూర్చున్నాను కూడా. మూడో అంతస్తుకు చేరేసరికి గుండె దడదడలాడుతోంది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఆసరా కోసం పట్టుచీర కట్టిన బొమ్మ చెయ్యి పట్టుకున్నాను. అది ఊడి నా చేతికొచ్చింది.

అక్క కాఫీ తాగుతూ కనిపించింది. ఆమె కుర్చీకి సరిపడా ఎత్తున్న బల్ల మీద చీరలు పరిచి ఉన్నాయి. నన్ను, నా చేతిలోని చెయ్యిని కాసేపు చూసింది. తాగుతున్న కాఫీ పక్కన పెట్టేసింది.

"పెళ్లికా అవ్వా?" అంది ఆ అమ్మాయి ఇంకో చీర విప్పుతూ.

"కాదమ్మా. నేను పోయినపుడు నా మీద కప్పేదానికి."

చీర మడతల మీద ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"భయపడాకు, ఇప్పుడే పోనులే. అది మా తమ్ముడు తేవల్ల. వాడు తెచ్చేది బాగుండదని ముందే చూసుకుంటాండా."

ఆ పిల్ల నా వైపు చూసిన చూపుకు తల కొట్టేసినట్టయింది. పరువు నిలబెట్టుకుందామని ఒక చీర వైపు వేలు చూపించి, "అది చూడక్కా, ఎంత గట్టిగా ఉందో" అన్నాను. "బురద రంగు" అంది అక్క అటు చూడకుండానే.

చివరికి ఒక చీర దగ్గర అక్క ఆగింది. మాగిన మామిడిపండు రంగు, ఎర్రటి అంచు. ఆ అమ్మాయి దాన్ని అక్క భుజం మీదుగా వేసి, కుర్చీని నిలువుటద్దం ముందుకు తిప్పింది. అక్క అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకుంది. పైట సర్దుకుంది. సిగ్గుపడింది కూడా. ఆ చీరలో మా అక్క ఎంత బాగుందంటే నాకు ఏడుపొచ్చింది. దీన్ని ఒళ్లో పెట్టుకుని నేనొక్కణ్ణే బస్సులో ఆళ్లగడ్డ పోవలసిన రోజు ఒకటి ఉందని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

"అక్కా, ఇది ఇప్పుడే కట్టుకో. దానికి ఇంకోటి తర్వాత చూస్తాంలే" అన్నాను.

"తర్వాత చూసేది నువ్వు గదా. వద్దు."

డబ్బు పుట్టింటిది కాబట్టి నేనే కట్టాను. సంచీ కూడా నేనే తీసుకున్నాను, ఆ రోజు దాకా చీర నా ఇంట్లోనే ఉండాలి కనుక. "నువ్వు లిఫ్టులో రా, నేను కింద ఉంటా" అని మెట్ల వైపు తిరిగాను.

"ఆగు" అంది అక్క.

కర్ర నేల మీద ఆనించి, ఆ అమ్మాయి పట్టుకోబోతే వద్దని, మెల్లగా కుర్చీలోంచి లేచి నిలబడింది. "వచ్చేటపుడు చూసినా నిన్ను. ముఖంలో నెత్తురు లేదు. పెదాలు నల్లగైనాయ్. చీర ఉంటే చాలా? తెచ్చేవాడు ఉండొద్దా?"

ఇన్నేళ్లలో అక్క గొంతు వణకడం నేను వినలేదు.

"కూచో" అంది.

కూర్చున్నాను. ఆ అమ్మాయి కుర్చీని లిఫ్టులోకి తోసింది. అక్క లిఫ్టు గోడకున్న కడ్డీని ఆనుకుని నా పక్కన నిలబడింది. తలుపులు మూసుకుంటుంటే భయానికి గట్టిగా కళ్లు మూసుకున్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, కిందికి దిగేదాకా తియ్యలేదు.